కంప్యూటరు ముఖమును గూర్చిన కొన్ని పారిభాషిక పదములు

గత విద్యాసంవత్సరమున తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఉపకారవేతనమునకు దరఖాస్తు పంపుకొనుటకై మా కంప్యూటరు గదికి వచ్చినది. ఆ దరఖాస్తునందు ముప్పదికి మించిన గడులుండెను. తండ్రి ఆదాయ ధ్రువపత్రపు సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, ఆధారు సంఖ్య, క్రింది తరగతిలో వచ్చిన మార్కులు, ఇట్లొక్కొక్కటియే వెదకి నింపుటకు గంటకు పైగా పట్టెను. తుదకు అడుగుననున్న మీట నొక్కగనే గడులన్నియు ఖాళీయైనవి. "చూచి నొక్కవలదా?" అని నేనామెను పిల్లలందఱి యెదుట మందలించితిని. పిదప నేనే కూర్చుండి, మొదటినుండి నింపి, మీట నొక్కితిని. గడులు మరల ఖాళీయైనవి.

అప్పుడు గాని ఆ పుటను పరీక్షించి చూడవలెనని నాకు తోచలేదు. అడుగున రెండు మీటలు ప్రక్కప్రక్కనే యున్నవి. రెండును ఒకే పరిమాణము, ఒకే నీలివర్ణము. ఒకటి దరఖాస్తును పంపునది. రెండవది వ్రాసినదంతయు చెఱిపివేయునది. గంటసేపటి శ్రమను ఒక్క క్షణమున తుడిచివేయు మీటను ఎవరు కోరిరో, దానిని పంపు మీట సరసన ఏల నిలిపిరో నాకు నేటికిని బోధపడలేదు. అది గడువులోని కడపటి దినము. రాత్రి తొమ్మిది దాటిన తరువాత దరఖాస్తు చేరినది. మందలించుట అందఱి యెదుట జరిగినది గనుక, మరునాడు ఆ బాలికను క్షమాపణ వేడుటయు అందఱి యెదుటనే చేసితిని.

తప్పు నొక్కినవారిదా, మీట నమర్చినవారిదా యను ప్రశ్న నన్ను విడువలేదు. విచారింపగా, ఈ ప్రశ్నకై యొక శాస్త్రమే కలదనియు, దానికి చక్కని పారిభాషిక పదములు కలవనియు తెలిసినది. వానిలో కొన్నింటిని మన విద్యార్థులకు ఎఱుకపఱచుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదటి పదము ఇంటర్ఫేసు. భౌతికశాస్త్రమున, నూనెయు నీరును వలె రెండు పదార్థములొకదానినొకటి తాకు తలమునకు ఈ పేరు. దానిని కంప్యూటరు శాస్త్రజ్ఞులు గ్రహించి, మనుష్యుడును యంత్రమును కలిసికొను తావునకు వాడుకొనిరి. తెరమీది మీటలు, అక్షరములు, బొమ్మలు, వినవచ్చు ధ్వనులు, ఇవన్నియు ఇంటర్ఫేసే. తెలుగున కొందఱు అంతర్వర్తి యనిరి. నాకు ముఖము అను చిన్నమాటయే నచ్చినది. ఎదుటివాని మనస్సులోనిది మనము ముఖమును చూచియే కదా తెలిసికొందుము. యంత్రమును వాడువానిని తెలుగు వికీపీడియావారు వాడుకరి యనిరి. ఇది కొత్తగా కల్పించిన మాటయైనను చెవికి పాతమాటవలెనే వినబడును. కల్పించిన మాటకు ఇంతకు మించిన యోగ్యత వేరొకటి యక్కఱలేదు.

రెండవది యూజబిలిటీ, వాడుకయోగ్యత యందము. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1998లో దీనికి నిర్వచనము చేసి 2018లో సవరించినది. దాని సారమేమనగా, ఫలానివారు, ఫలాని పనికై, ఫలాని పరిస్థితులలో ఒక వస్తువును వాడినపుడు, పని నెఱవేఱుట, తక్కువ శ్రమతో నెఱవేఱుట, వాడినవారికి తృప్తి కలుగుట, ఈ మూడును ఎంతవఱకు సమకూడినవో అంతవఱకు అది వాడుకయోగ్యము. ఇందు విద్యార్థులు గమనింపవలసినది "ఫలాని" యను మాట. వాడుకయోగ్యత వస్తువునందు మాత్రమే లేదు. పట్టణమున చల్లని గదిలో కూర్చున్న యువకునికి సులభమైన తెరయే, మిట్టమధ్యాహ్నపు టెండలో పొలము గట్టున నిలిచి, కంటి శుక్లముతో, తడిచేతులతో దానిని తాకు ముదుసలికి దుర్గమము కావచ్చును. "ఇది సులభమేనా?" యని యడుగుట అర్ధప్రశ్న, "ఎవరికి?" అనునది తక్కిన సగము.

ఈ శాస్త్రము పుట్టినది కంప్యూటరు వలన గాదు, విమానముల వలన. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా వారి బి-17 బాంబరు విమానములు సురక్షితముగా నేలకు దిగిన పిమ్మట కూడ పొట్టమీద పడుచుండెను. దిగిన తరువాత రెక్కల వెనుకనుండు పలకలను ముడుచుకొనవలసిన చోదకులు, వానికి మాఱుగా చక్రములనే ముడుచుచుండిరి. అధికారులు దీనికి చోదకుని తప్పిదము అని పేరుపెట్టిరి. 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అను యువ మనశ్శాస్త్రవేత్త విమానము లోపల చూడగా, ఆ రెండు పనులకును గల మీటలు ఒకే ఆకారమున ప్రక్కప్రక్కనే కనబడినవి. అన్ని జాతుల విమానములలోను అట్లు లేదు; అట్లు లేని జాతులు కొన్ని కలవు. వానియందీ ప్రమాదమును లేదు. ఆయన చక్రముల మీట కొనకు రబ్బరు చక్రమును, పలకల మీట కొనకు ఏటవాలు తునకను తగిలించెను. చీకటిలో తడిమినను ఏది యేదియో చేతికి తెలియును. నేటి విమానములలోను చక్రముల మీట కొన చక్రాకారముననే యుండును. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అను నిరువురు ఇట్టి 460 తప్పిదములను సేకరించి పరిశీలించి, వానిలో పెక్కింటికి మూలము చోదకునియందు గాక పరికరముల యమరికయందే యున్నదని చూపిరి.

పై దరఖాస్తు పుటకును బి-17 విమానమునకును భేద మెంత? ఒకచోట చక్రములు ముడుచుకొనినవి, ఇంకొకచోట గడులు ఖాళీయైనవి.

ఈ ఫిట్సే 1954లో ఒక సూత్రమును కనుగొనెను. చేయి ఒక గుఱిని తాకుటకు పట్టు కాలము, గుఱికి గల దూరముమీదను గుఱి వెడల్పుమీదను ఆధారపడును. దూరము పెరిగినను, గుఱి సన్నమైనను కాలము పెరుగును. చమత్కారమేమనగా దూరమును వెడల్పును రెండింతలు చేసినచో కాలము మాఱదు. దీనిని మీరే తరగతిలో పరీక్షింపవచ్చును. కాగితముమీద రెండు నిలువు పట్టీలు గీచి, పెన్సిలుతో వానిని మార్చి మార్చి తాకుచు, అర నిమిషమున నెన్నిమార్లు తప్పక తాకగలిగితిరో లెక్కింపుడు. పిదప పట్టీలను సన్నము చేసి చూడుడు. ముఖ్యమైన మీట పెద్దదిగాను చేరువగాను ఉండవలెననుటకు, అపాయకరమైన మీట చిన్నదిగాను దూరముగాను ఉండవలెననుటకు ఇదియే గణితము.

మూడవ పదము అఫోర్డెన్సు. జేమ్స్ గిబ్సన్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త కల్పించిన మాట; 1979లో వెలువడిన తన గ్రంథమున దీనిని విపులముగా చర్చించెను. ఒక వస్తువు ఒక ప్రాణికి ఏ పని చేయ వీలిచ్చునో ఆ వీలే అఫోర్డెన్సు. మోకాలి యెత్తుననున్న బల్ల నాకు కూర్చుండుటకు వీలు; పాకు శిశువునకు అది పట్టుకొని లేచుటకు వీలు. వస్తువొక్కటే, వీలు వేఱు. తెలుగున వీలు అను మాట ఇంత చక్కగా సరిపోవుచుండగా, సంస్కృత సమాసములకై వెదకుట ఎందులకో తెలియదు.

డొనాల్డ్ నార్మన్ అను శాస్త్రవేత్త 1988లో తన గ్రంథముద్వారా ఈ మాటను వస్తువులు కల్పించువారిలో వ్యాపింపజేసెను. అయితే వారు దానిని కనబడు గుఱుతునకు కూడ వాడి కలగాపులగము చేసిరి. అందుచేత నార్మన్ 2013లో గ్రంథమును సవరించి ముద్రించుచు, సిగ్నిఫయరు అను వేఱొక మాటను విడదీసి చెప్పెను. దీనిని సూచకము అనవచ్చును. తలుపు తెఱచుకొనుట వీలు. దానిని తోయవలెనో లాగవలెనో చెప్పు పిడి సూచకము. లాగు పిడిని అమర్చిన తలుపును తోయవలసివచ్చినచో, ఎంత చదువుకొన్నవాడైనను ముందు లాగియే తీఱును. తలుపు వంటి వస్తువునకు "తోయుడు" అని అక్షరములు అతికింపవలసి వచ్చినదన్న, లోపము తలుపులోనే కలదని నార్మన్ వాదము. మన కత్తిపీటను చూడుడు. దానిమీద ఏ యక్షరమును లేదు; అయినను కాలెచ్చట మోపవలెనో, కూరగాయ యెటు త్రోయవలెనో చూపునకే తెలియును. సెల్‌ఫోను అద్దపు పలక అట్లుగాదు. అంతటను ఒకే నునుపు. ఎచ్చట తాకినచో ఏమగునో అద్దము చెప్పదు గనుక, రంగు, నీడ, క్రిందిగీత మొదలగు సూచకములు లేనిచో వాడుకరి గుడ్డివానివలె తడుముకొనవలసినదే.

నాలుగవది ఫీడ్‌బ్యాకు. మనము చేసిన పని యేమైనదో యంత్రము తిరిగి తెలుపుట. ఓటింగు యంత్రము దీనికి చక్కని ఉదాహరణము. నీలి మీట నొక్కగనే అభ్యర్థి పేరు ప్రక్కన ఎఱ్ఱదీపము వెలుగును, దీర్ఘముగా ధ్వని వినబడును. ప్రక్క పెట్టెలోని కాగితపు చీటీ అద్దము వెనుక ఏడు సెకండ్లు కనబడి, పిమ్మట లోనికి జారును. కంటికి, చెవికి, మరల కంటికి, మూడు జవాబులు. అంగడిలో డబ్బు చేరినదని తెలుగున బిగ్గఱగా పలుకు చిన్న పెట్టెయు ఇట్టిదే. రెండు చేతులును పనిలోనున్న కిరాణా వర్తకుడు తెరవంక తలయెత్తనక్కఱలేదు.

కాని జవాబు ఉన్నంతమాత్రమున చాలదు. అది దేనికి జవాబో తెలియవలెను. 1979 మార్చి 28న తెల్లవాఱుజామున నాలుగు గంటలకు, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి త్రీమైల్ ఐలండు అణువిద్యుత్కేంద్రమున నీటి పంపులు ఆగిపోయినవి. లోపల ఒత్తిడి పెరుగగా దానిని వెలువరించు కవాటము తనంతట తెఱచుకొన్నది. ఒత్తిడి తగ్గిన పిమ్మట అది మూసికొనవలెను, మూసికొనక ఇఱుకుకొన్నది. నియంత్రణశాలలో దానికై యొక దీపము గలదు. ఆ దీపమాఱిపోయెను గనుక కవాటము మూసికొన్నదని పనివారు నమ్మిరి. ఆ దీపము కవాటమును చూచి వెలుగునది కాదు. కవాటమునకు పోవు విద్యుత్తును చూచి వెలుగునది. "మూసికొమ్మని ఆజ్ఞ పోయినది" అని మాత్రమే దాని యర్థము. "మూసికొన్నది" యని కాదు. మొదటి కొలది నిమిషములలోనే నూఱుకు పైగా ప్రమాదఘంటలు ఒక్కుమ్మడి మ్రోగుచుండగా దేనిని వినవలెనో ఎవరికిని తెలియలేదు. లోపల నీరెక్కువైనదని భ్రమపడి, కాపాడుటకై వచ్చుచున్న నీటిని సయితము పనివారే తగ్గించిరి. రెండు గంటలకు పైగా నీరు వెలికిపోయెను. అణు ఇంధనములో సుమారు సగము కరిగిపోయెను.

ఆజ్ఞ వేఱు, కార్యము వేఱు. ఈ భేదమును మీ చేతిలోని వాట్సాపు సరిగా పాటించుచున్నది. మనము పంపిన సందేశమునకు ఒక గీటు పడినచో వెడలినదని, రెండు గీటులు పడినచో అవతలి ఫోనునకు చేరినదని, అవి నీలివర్ణమగుచో చదువబడినదని అర్థము. పరీక్ష ఫీజు చెల్లించునపుడు తెరమీద చక్రము గిరగిర తిరుగుచుండగా, డబ్బు పోయినదో లేదో తెలియక, మరల నొక్కుదమా మానుదమా యని చెమటలు పట్టు తండ్రికి ఆ గీటులపాటి సమాధానము కూడ దొఱకుటలేదు.

ఇక ఐకాను. ప్రాచ్య క్రైస్తవ సంఘములలో పవిత్రముగా నెంచు పటములకు ఈ పేరు. తెరమీది చిన్న బొమ్మలకు దీనిని 1975లో డేవిడ్ క్యాన్‌ఫీల్డ్ స్మిత్ తన పరిశోధన వ్యాసమున వాడెను; తరువాత ఆయనయు పాల్గొన్న జిరాక్సు వారి స్టార్ యంత్రము 1981లో అంగడికి వచ్చినది. పటము ముందు మ్రొక్కని సంఘమున పెరిగిన నేను దినమున కెన్నిమార్లో ఐకానులను తాకుచున్నానని మా వృద్ధ పాస్టరుగారు ఒకమారు పరిహాసమాడిరి. మన దేశమున ఈ పని కంప్యూటరుకంటె ముందే జరిగినది. 1951 జనగణన ప్రకారము అక్షరాస్యులు నూటికి పదునెనిమిది మందియే. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెను పెట్టి, దానిమీద గుఱుతు నంటించిరి. పేరు చదువలేనివాడును తన గుఱుతు గల పెట్టెను గుఱుతించి ఓటు వేసెను.

బొమ్మ తెలిసినదైననే పనిచేయును. స్టార్ యంత్రము తెరమీద అమెరికా కచేరి బల్లను చిత్రించినది: కాగితములు, అట్టలు, ఫైలు పెట్టెలు. దీనిని మెటఫరు, అనగా రూపకము అందురు. ఫైలు అను వస్తువును ఎన్నడును చేతపట్టని పల్లె బాలునకు ఆ రూపకము రూపకము కాదు, మఱియొక కొత్త పాఠము. భద్రపఱచు గుఱుతుగా నేటికిని కొన్ని తెరలమీద కనబడు చదరపు బొమ్మ పాత ఫ్లాపీ డిస్కు. మా ఎనిమిదవ తరగతిలో అదేమియో చెప్పుడని యడుగగా, ఒకరు బీరువా యనిరి, ఒకరు ఓటరు కార్డు అనిరి. అయినను అందఱును దానిని సరిగానే వాడుచున్నారు! అలవాటు కొన్నిసార్లు అర్థము లేకయే పనిచేయునని ఒప్పుకొనవలసినదే.

మోడు అను పదము చిన్నదే గాని మిక్కిలి ఉపద్రవకారి. ఒకే మీట ఒకప్పుడొక పని, ఇంకొకప్పుడింకొక పని చేయుచున్నచో యంత్రము మోడు మాఱినదందురు. దీనికి బద్ధశత్రువు ల్యారీ టెస్లర్. కత్తిరించుట, నకలు తీయుట, అతికించుట యను సదుపాయములను జిరాక్సులో రూపొందించినవారిలో ముఖ్యుడు, 2020లో మరణించెను. మోడులు వద్దను మాటను తన కారు సంఖ్యాఫలకము మీదనే వ్రాయించుకొన్నాడు. తెలుగు టైపు చేయువారికి ఆయన కోపము సులభముగా అర్థమగును. వ్యాసము తెలుగున టైపు చేసి, కీబోర్డును ఇంగ్లీషునకు మార్చుట మఱచి, పాస్‌వర్డు కొట్టుదుము. తెరమీద చుక్కలే గాని అక్షరములు కనబడవు. మూడుమార్లు తప్పనిపించుకొని, ఖాతా మూతపడిన పిమ్మట గాని సంగతి తెలియదు. మోడు మాఱుట యొకటి, జవాబు దాచుట యొకటి. రెండు లోపములు చేయి కలిపినవి.

తప్పులలోను శాస్త్రజ్ఞులు రెండు జాతులను చెప్పుదురు. తలంపు సరియై చేత తప్పుట స్లిప్పు. తలంపే తప్పుట మిస్టేకు. తెలుగున మొదటిది పొరపాటు, రెండవది అపోహ యన్నచో సరిపోవునని నా మతము. ఆ బాలికది పొరపాటు. త్రీమైల్ ఐలండు పనివారిది అపోహ. పొరపాటునకు ఉపదేశము మందు కాదు. చక్కగా తెలిసినవారే, పనియందు ఆఱితేఱినవారే ఎక్కువగా పొరపడుదురు, ఏలయన వారి చేయి చూపునకు ముందే పోవును. దీనికి మందు యంత్రమునందే యుండవలెను. పెక్కు ఏటీఎం యంత్రములు కార్డును తీసికొన్న తరువాత గాని నోట్లను బయటికీయవు. డబ్బు చేతబడినచో కార్డు మఱచిపోవుదురని వారికి తెలియును. "నిశ్చయముగా చెఱిపివేయవలెనా?" అని యడుగుట కంటె, చెఱిపినదానిని తిరిగి తెచ్చుకొను అన్‌డూ మేలు. ప్రశ్నను ప్రతిదినము చూచువాడు చదువకయే "అవును" నొక్కును.

ఇచ్చట తెలుగు మాటల సంగతియు కొంత చెప్పవలెను. ఒక పుటయందు "దరఖాస్తును రద్దు చేయవలెనా?" అని ప్రశ్నించి, క్రింద "రద్దు", "సరే" యను రెండు మీటలు పెట్టిరి. రద్దు నొక్కినచో దరఖాస్తు రద్దగునా, రద్దే రద్దగునా? "దరఖాస్తును తీసివేయుము", "ఉంచుము" అని వ్రాసినచో ఎవరికిని సంశయముండదు. "సమర్పించు" అను మాటయు ఇట్టిదే. మా సంఘమున అది కానుకకు సంబంధించిన మాట. పింఛను దరఖాస్తు నింపుచు ఒక అవ్వగారు నన్ను "ఎంత సమర్పించవలె నయ్యా?" యని యడిగిరి. "పంపుము" అనిన చాలదా?

ఇంతవఱకు చెప్పినవి తెలియక చేయు లోపములు. తెలిసి చేయునవియు కలవు. వాడుకరిని మాయపుచ్చుటకై పన్నిన అమరికకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ డార్కు ప్యాటర్ను అని పేరుపెట్టెను. మన దేశమున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇట్టివానిని పదుమూడింటిని పేర్కొని నిషేధించినది. కోరని వస్తువును బుట్టలో చేర్చుట, లేని తొందరను కల్పించుట, వలదన్నవానిని సిగ్గుపఱచుట, చేరుట సులభము విడుచుట కష్టముగా చందాను అమర్చుట మొదలగునవి అందున్నవి. పేరు లేనంతకాలము మోసపోయినవాడు తన్ను తానే నిందించుకొనును. పేరు ఏర్పడిన పిమ్మట ఫిర్యాదు వ్రాయగలడు.

వాడుకయోగ్యతను పరీక్షించు విధము మిక్కిలి సులభము. పనిని చెప్పి, వాడుకరిని యంత్రము ముందు కూర్చుండబెట్టి, తోచినది పైకి పలుకుమని కోరి, మనము నోరు మూసికొని చూడవలెను. ఐదుగురితోనే పెక్కు లోపములు బయటపడునని జేకబ్ నీల్సన్ అను నిపుణుని మతము. ఇందు కష్టమంతయు నోరు మూసికొనుటలోనే యున్నది. ఉపాధ్యాయులకు మఱియు కష్టము. మొన్న తల్లిదండ్రుల దినమున మా పదవ తరగతివారు ఐదుగురు తల్లులను ఆ ఉపకారవేతనపు పుట ముందు కూర్చుండబెట్టిరి. మొదటి గడులను కల్పిత వివరములతో నింపించి, పంపుడని మాత్రము చెప్పిరి. ముగ్గురు చెఱుపు మీటనే నొక్కిరి. పిల్లలు ఈ సంగతిని వ్రాసి, రెండు మీటల చిత్రమును గీచి, ఆ కార్యాలయమునకు జాబు పంపినారు. ఈ సంచిక అచ్చునకు పోవు నాటికి ప్రత్యుత్తరము రాలేదు. ఈ యేటి దరఖాస్తులు మొదలైనవి. పుట యథాప్రకారముగనే యున్నది. కంప్యూటరు గది గోడకు ఒక అట్టను మేకులతో కొట్టించితిని. దానిమీద పెద్దయక్షరములతో "ఎడమది పంపును, కుడిది చెఱుపును" అని వ్రాయించితిని.